షెడ్డు ఖాళీ చేయమంటోంది మా ఆవిడ

పేరు, ఊరు బయటపెట్టవద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. ఖమ్మం జిల్లా అని మాత్రం చెప్పుకోవచ్చన్నారు. చాలా పెద్ద ఉత్తరం. మధ్యలో రెండు చోట్ల సర్క్యూట్ బొమ్మలు కూడా గీశారు. సారాంశం ఇస్తున్నాను.

ఆయన వయసు 39. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశారు. ఇంజనీరింగ్‌లో చేరాల్సిన ఏడాదే నాన్నగారు పోయారు. కారుణ్య నియామకం కింద ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సీనియర్ అసిస్టెంట్. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. అమ్మ వీళ్ల దగ్గరే ఉంటుంది. ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. ఆఫీసు నుంచి రాగానే టీ తాగి అందులో దూరితే, అన్నానికి ఎవరో ఒకరు పిలవాల్సిందే.

ఆ షెడ్డులో చాలానే చేశారు. పాడైన వాషింగ్ మెషిన్ మోటారుతో చెక్కను నునుపు చేసే సాండర్. పాత ప్రింటర్లలోంచి పీకిన స్టెప్పర్ మోటార్లకు ఆర్డుయినో అనే చిన్న కంట్రోల్ బోర్డు తగిలించి, పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం. మైక్రోవేవ్ ఒవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో లోహపు రేకులను అతికించే స్పాట్ వెల్డర్. ట్యాంకు నిండగానే మోటారు ఆపే సర్క్యూట్ వీధిలో కొన్ని ఇళ్లకు ఉచితంగా పెట్టారు. రెండేళ్లుగా చేస్తున్నది బ్యాటరీ సైకిలు: చక్రంలోనే ఇమిడే 500 వాట్ల హబ్ మోటారు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన 78 సెల్స్‌తో సొంతంగా కట్టిన 48 వోల్టుల ప్యాక్. సైకిలు గంటకు 40 కిలోమీటర్లు పోతుందని గర్వంగా రాశారు.

పోయిన నెల ఒక రాత్రి ఆ ప్యాక్‌ను హాల్లో, వీధి తలుపు పక్కన ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున ఘాటు వాసన, చిటపటమని చప్పుడు. లేచి చూస్తే పొగ. ఇసుక పోసి, పారతో పెరట్లోకి లాగేశారు. ఎవరికీ ఏమీ కాలేదు కానీ కర్టెను, పక్కనున్న పరుపు కాలిపోయాయి. అమ్మకు ఇంకా దగ్గు తగ్గలేదు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి, వారానికి తిరిగొచ్చింది. షెడ్డు ఖాళీ చేస్తేనే ఉంటానంది. అదే గొడవలో ఇంకోటి కూడా బయటపడింది. చిట్టీ పాడిన డబ్బులో 40 వేలు ఆమెకు చెప్పకుండా ఈ సామాన్లకు పెట్టారు.

ఇంకోపక్క బావమరిది ఉద్యోగం మానేసి సైకిళ్ల షాపు పెడదామంటున్నాడు. మూడు లక్షలు తను పెడతానంటున్నాడు. పక్క ఊళ్లో పాలు పోసే రైతు ఒకాయన తనకూ అలాంటి సైకిలు చేసిపెట్టమని 15 వేలు అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.

ఆయన అడిగినవి ఇవీ: నాది పిచ్చా? ఉద్యోగం మానేయవచ్చా? ముందు పేటెంట్ తీసుకోవాలా? ఇంజనీరింగ్ అంటేనే పడని భార్యను ఎలా ఒప్పించాలి? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకోటి: మా పాప సోల్డరింగ్ (టంకం పెట్టడం) నేర్పమంటోంది, నేర్పవచ్చా?

*

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం భార్య గురించినదీ కాదు, డబ్బు గురించినదీ కాదు. "కాలిన ప్యాక్ షెడ్డులోనే ఉంది, బాగున్న సెల్స్ ఏరుకుని మళ్లీ కడదామనుకుంటున్నాను" అన్నారు చూడండి, అది. కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఒకసారి మంట చూసిన లిథియం ప్యాక్ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. పైకి బాగానే కనిపించే సెల్ లోపల పొర దెబ్బతిని ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 3.7 వోల్టులు చూపిస్తుంది, మీరు ఓకే అనుకుంటారు. ఇది చదివాక ఆ ప్యాక్‌ను ఇంటి గోడకు, గడ్డివాముకు, బండికి దూరంగా బయట పెట్టండి. విడి సెల్స్ ఉంటే రెండు కొసలకూ టేపు వేసి, పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టండి, మూత బిగించకండి. తర్వాత ఈ-వేస్ట్, బ్యాటరీలు తీసుకునే అధీకృత రీసైక్లింగ్ వాళ్లకు ఇచ్చేయండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని ఇంటి చెత్తలో కలపకూడదు. పాత సామాన్ల బండికి కిలోల లెక్కన కూడా వేయకండి. అతను వాటిని సుత్తితో కొడతాడు. అమ్మగారి దగ్గు నెల దాటింది కాబట్టి ఛాతీ డాక్టరుకు చూపించండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి. "బ్యాటరీ కాలిన పొగ పీల్చింది" అని డాక్టరుకు కచ్చితంగా చెప్పండి, ఉత్త దగ్గు అని కాదు.

"బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) పెట్టాను, 54.6 వోల్టుల సరైన ఛార్జరే వాడాను, అయినా ఎందుకిలా అయింది" అని అడిగారు. ఆరేసి సెల్స్ పక్కపక్కన (పారలల్‌లో) కలిపి, అలాంటి 13 వరసలను ఒకదాని తర్వాత ఒకటి (సిరీస్‌లో) కట్టారు. మీ బీఎంఎస్ ఆ ఆరింటినీ కలిపి ఒకే వోల్టేజీగా చూస్తుంది. అందులో ఒక్కదానికి లోపల షార్ట్ మొదలైతే దానికి తెలియదు. మిగిలిన ఐదూ కలిసి తమ కరెంటంతా ఆ ఒక్కదాంట్లోకి దింపుతాయి. ఒక్కో సెల్‌కు సన్నటి ఫ్యూజు తీగ పెట్టి కట్టి ఉంటే అది తెగిపోయి కొంత ఆగేదేమో. మీ బొమ్మలో ఫ్యూజులు లేవు, మందపాటి నికెల్ పట్టీలే ఉన్నాయి. పైగా ఒక ల్యాప్‌టాప్ సెల్ రెండేళ్లు వాడి పారేసింది, ఇంకోటి ఆరేళ్లు వాడింది. ముసలి ఎద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టినట్టు. నిజానికి ఏ రీతిన చెడిందో ప్యాక్ విప్పి చూడకుండా ఎవరూ చెప్పలేరు. విప్పమని నేను చెప్పను. కానీ వాడి పారేసిన సెల్స్‌తో కట్టిన ప్యాక్‌లో ఇలా జరగడంలో వింతేమీ లేదు.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. పాత సెల్స్ జోలికి మళ్లీ వెళ్లకుండా, టెస్టింగ్ సర్టిఫికెట్ ఉన్న రెడీమేడ్ ప్యాక్ కొనుక్కోవడం ఒకటి. ఖర్చు ఎక్కువ. "నేను కట్టాను" అనే ఆనందం సగం పోతుంది, కానీ మిగతా సైకిలంతా మీదే. రెండోది కొత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌తో కట్టడం. బరువు పెరుగుతుంది, కానీ వేడికి అంత త్వరగా అదుపు తప్పవు. దీనికి సిరీస్‌లో 16 సెల్స్ కావాలి, ఫుల్ ఛార్జ్ 58.4 వోల్టులు, కాబట్టి మీ పాత ఛార్జరు, పాత బీఎంఎస్ రెండూ పనికిరావు. ఉన్నదానితో సరిపెడదామనుకుంటే ఈ దారి కూడా ప్రమాదమే. మూడోది, కొంతకాలం బ్యాటరీలే ముట్టుకోకుండా మిగతా పనులు చేసుకోవడం. ఇది మీకు శిక్షలా అనిపిస్తుందని తెలుసు. ఏ దారి ఎంచుకున్నా ఒకటి మాత్రం మారదు: ఛార్జింగ్ ఇంటి లోపల కాదు, అందరూ నిద్రపోయాక కాదు, బయటికి వెళ్లే తలుపు పక్కన అసలే కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అవి ఇంట్లో కట్టినవి కూడా కావు, కంపెనీల నుంచి వచ్చినవి. మీ ఇంట్లో ఆ రాత్రి మంట ఇంకాస్త పెరిగి ఉంటే, ఐదుగురూ బయటపడాల్సిన తలుపు మంట అవతల ఉండేది. మీ భార్య పుట్టింట్లో ఉన్న ఆ వారమంతా ఆలోచించింది ఇదే అయ్యుంటుంది.

మిగతా విషయాల్లో దారులు చెప్తాను కానీ ఒక్కచోట మాత్రం దారులేమీ లేవు, వద్దు అన్న మాట తప్ప. ఇంకో మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికిందని, దాని కరెంటుతో చెక్క మీద చెట్టుకొమ్మల్లాంటి డిజైన్లు కాల్చే పని చేద్దామనుకుంటున్నానని రాశారు. మీ స్పాట్ వెల్డర్‌లో హైవోల్టేజీ చుట్ట కోసేసి, మందపాటి కేబుల్ రెండు చుట్లు వేశారు. అక్కడ వచ్చేది రెండు మూడు వోల్టులే కాబట్టి అది వేరు. చెక్క కాల్చడానికి ఆ చుట్ట తీయరు. రెండు వేల వోల్టులు, మనిషిని చంపడానికి కావలసిన దానికంటే ఎన్నో రెట్ల కరెంటు. "ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్) ఉందిగా" అంటారేమో. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు షాక్ తగులుతుంది కాబట్టి ఇవతల ఉన్న ఆర్‌సీసీబీకి తేడా తెలియదు, కరెంటు ఆపదు. ఈ పని చేస్తూ పలు దేశాల్లో జనం చనిపోయారు. అమెరికాలోని, చెక్కను లేత్ మీద తిప్పి చెక్కే పనివాళ్ల సంఘం తమ కార్యక్రమాల్లో దీన్ని నిషేధించింది. వాళ్లు రోజూ తిరిగే యంత్రాల ముందు నిలబడేవాళ్లు, ఊరికే భయపడే రకం కాదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను రాగి ధరకు అమ్మేయండి.

ఇక మీ ఆవిడ సంగతి.

"ఆమెకు ఇంజనీరింగ్ అంటేనే పడదు" అని మొదటి పేజీలో రాశారు. అదే ఉత్తరంలో ఇంకోచోట, మీ దగ్గరున్న డ్రిల్లింగ్ మిషన్ పెళ్లిరోజుకు ఆమే కొనిచ్చిందని రాశారు. పక్కింటివాళ్ల ట్యాంకు సర్క్యూట్ గురించి స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుందనీ రాశారు. గొడవ రోజు ఆమె అన్న మాట కూడా మీరే ఇచ్చారు: "షెడ్డులో ఏమైనా చేసుకో అన్నాను, హాల్లోకి తెమ్మన్నానా?" ఇది ఇంజనీరింగ్ అంటే పడని మనిషి మాట కాదండీ. ఆమె ఒక గీత గీసింది, మీరు దాన్ని దాటారు. ఇప్పుడు ఆ గీత మీద నమ్మకం పోయింది కాబట్టి షెడ్డే వద్దంటోంది.

దానికి తోడు ఆ 40 వేలు. మంట ప్రమాదవశాత్తూ జరిగిందని ఆమె ఎప్పటికైనా అనుకోగలదు. చిట్టీ డబ్బు అలా కాదు. మీ ఉత్తరంలో మంటకు రెండు పేజీలు, ఈ డబ్బుకు రెండు వాక్యాలు. ఆమె ఉత్తరం రాసి ఉంటే బహుశా లెక్క తిరగబడేది. అందుకే "ఎలా ఒప్పించాలి" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఒప్పించడానికి మీ దగ్గర ఇప్పుడు పరపతి లేదు. ముందు ఆ డబ్బు ఎక్కడెక్కడ పోయిందో కాగితం మీద రాసి చూపించండి. హబ్ మోటారు ఇంత, కంట్రోలర్ ఇంత, కోఠీలో గుజరాతీ గల్లీకి పోయినప్పుడల్లా ఇంత అని. ఎలా పూడుస్తారో కూడా అందులోనే ఉండాలి. వాడని సామాన్లు అమ్మితే కొంత వస్తుంది. స్క్రాప్‌లో కొన్న మోటార్లు, మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని దాచినవి, మీ షెడ్డులో ఎన్ని ఉంటాయో నేను చూడకుండానే చెప్పగలను.

ఆ తర్వాత షెడ్డు గురించి మాట్లాడవచ్చు. ఆమె అడిగినట్టు మొత్తం ఖాళీ చేస్తే ఇంట్లో వెంటనే శాంతి వస్తుంది. కానీ మీ ఉత్తరం చదివినంతలో, మీరు ఫోను పట్టుకుని హాల్లో కూర్చునే మనిషి అవుతారు తప్ప సరదాగా పిల్లలతో ఆడే మనిషి వెంటనే అయిపోరు. ఏడాది తిరిగేలోపు ఏదో ఒక మూల మళ్లీ స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది, ఈసారి దొంగతనంగా. దొంగతనంగా చేసే కరెంటు పని మరీ ప్రమాదం.

షెడ్డు ఉంచుకుని షరతులు పెట్టుకోవడం ఇంకో దారి. షరతులు మీరు రాయకండి, ఆమెను రాయనివ్వండి. బ్యాటరీలు ఉండకూడదు అనవచ్చు, నెలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు అనవచ్చు, ఆదివారం మధ్యాహ్నం తాళం వేయమనవచ్చు. మీ వైపు నుంచి ఆమె అడగకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. షెడ్డుకు ఇంట్లోంచి రెండు తీగల ఎక్స్‌టెన్షన్ లాగి కరెంటు వాడుతున్నారు. వాషింగ్ మెషిన్ మోటారుకు ఎర్తింగే లేదన్నమాట. ఇనుప బల్ల మీద, తడి నేల మీద. విడిగా ఒక లైను, దానికి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ పెట్టించండి. ఎలక్ట్రికల్ చదివిన మీకు ఇది నేను చెప్పాల్సి రావడం బాగోలేదు. గ్రైండర్ పట్టుకునేటప్పుడు గార్డు, కళ్లద్దాలు ఉండాలి. లుంగీ ఉండకూడదు. ఈ లుంగీ మాట నవ్వడానికి రాయలేదు. తిరిగే చక్రానికి బట్ట చిక్కుకుంటే చెయ్యో తొడో ముందు తెగుతుంది, స్విచ్ తర్వాత ఆగుతుంది.

మూడో దారి, మీ స్నేహితుడి వెల్డింగ్ షాపులో ఒక మూల తీసుకోవడం. ఇంటికి ప్రమాదం తప్పుతుంది, పనిముట్లు కూడా మెరుగ్గా దొరుకుతాయి. కానీ ఇప్పుడు కనీసం అన్నానికి పిలిస్తే వినిపించేంత దూరంలో ఉన్నారు. అప్పుడు అది కూడా ఉండదు. ఆమె ఫిర్యాదులో సగం మీరు ఇంట్లో ఉండి కూడా లేకపోవడం గురించి అయితే, ఈ దారి దాన్ని పెంచుతుంది. ఏది సగం, ఏది ముఖ్యం అన్నది ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

నాది పిచ్చా అని అడిగారు. మీ వీధిలో నలుగురు దాన్ని పిచ్చి అంటారు, మీ అమ్మగారు "వాళ్ల నాన్నదీ ఇంతే" అంటారు. నాకైతే పిచ్చిలా కనిపించలేదు. చదవాలనుకున్న చదువు ఆగిపోయిన మనిషి చేతులతో చదువుకుంటున్నట్టు అనిపించింది. డబ్బు దాచడం ఒక్కటే ఆందోళనగా ఉంది. అది మళ్లీ జరిగితే అప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వేసుకోండి.

ఉద్యోగం విషయంలో కొంచెం ఆగాలి. మీ బావమరిది చింతకింది మల్లేశం గారి పేరు చెప్పి మిమ్మల్ని ఊపేస్తున్నాడని రాశారు. మల్లేశం గారి కథను నేను కూడా మీకు చెప్పేవాణ్నే, కాకపోతే వేరే కారణానికి. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఆయన తల్లి లక్ష్మి గారు ఆసు పోసేవారు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధవలయంగా ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకు ఆడాలి. సాయంత్రానికి భుజం లేవదు. ఆ భుజం నొప్పి పోవాలన్నది ఒక్కటే ఆయన లెక్క. ఆరో తరగతితో చదువు ఆగినాయన 1992లో మొదలుపెట్టి, హైదరాబాద్‌లో పని చేసుకుంటూ కొంత కొంత కట్టుకుంటూ, 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ బావమరిదికి పద్మశ్రీ కనిపిస్తోంది. మీరు చూడాల్సింది ఎక్కడ మొదలైందన్నది.

మీ షెడ్డులో పనులు ఎలా మొదలవుతాయి? ప్రింటర్ దొరికింది కాబట్టి బొమ్మలు గీసే యంత్రం. మోటారు దొరికింది కాబట్టి సాండర్. ల్యాప్‌టాప్ బ్యాటరీలు చౌకగా దొరికాయి కాబట్టి సైకిలు. సామాను ముందు, అవసరం తర్వాత. సరదాకు ఇదే సరైన పద్ధతి, ఇందులో తప్పేమీ లేదు. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ వ్యాపారం ఈ వైపు నుంచి మొదలైతే నిలబడదు. ఒక్కటి చేయడంలో మీకున్న ఆనందం అదే సైకిలు యాభయ్యోసారి చేసేటప్పుడు ఉంటుందా? బిల్లులు, రిపేర్లకు తిరిగొచ్చినవి, "మొన్ననే తీసుకెళ్లా, అప్పుడే ఆగిపోయింది" అని పొద్దున్నే తలుపు కొట్టేవాళ్లు. అది వేరే ఉద్యోగం, మీ ఆఫీసు కంటే చిరాకైనది.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ సంగతి కూడా పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి చెప్పాలి, మనం చెప్పుకుంటే సరిపోదు. మీది 500 వాట్లు, 40 కిలోమీటర్లు. రోడ్డెక్కితే అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు బండి. అలాంటివి చేసి అమ్మితే, రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు మీ మెడకే. ప్రభుత్వ ఉద్యోగిగా 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఎలాగూ ఉంది: అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం చేయకూడదు. సెలవు పెట్టి చేసినా, బావమరిది పేరు మీద బోర్డు పెట్టి వెనక మీరు చేసినా తప్పించుకున్నట్టు కాదు.

మానేయాలనే అనిపిస్తే రాజీనామాకూ స్వచ్ఛంద పదవీ విరమణకూ ఉన్న తేడా చూసుకోండి. మీ సర్వీసు 20 ఏళ్లకు దగ్గరపడుతోంది. ఇప్పుడు రాజీనామా చేస్తే పాత సర్వీసు ప్రయోజనాలు పోతాయి. ఇరవై నిండాక విరమణ తీసుకుంటే లెక్క వేరు. సర్వీసు పుస్తకాలు రాసే చెయ్యి మీది, నాకంటే మీకే బాగా తెలుసు. ఆ కాస్త కాలం ఆగడం వల్ల పోయేదేమీ లేదు, బావమరిది ఉత్సాహం తప్ప. ఆ ఉత్సాహం అప్పటిదాకా నిలుస్తుందో లేదో చూడటం కూడా మంచిదే. భార్య తమ్ముడి దగ్గర మూడు లక్షలు తీసుకున్నాక షాపు నడవకపోతే గొడవ ఒక్క ఇంట్లో ఉండదు.

పాల రైతు సంగతి వేరుగా చూడండి. నన్నడిగితే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయాలి. మంట సంగతి దాచకుండా చెప్పి ఇవ్వాలి. ఆ డబ్బు ఖర్చయిపోయి ఉంటే నెల నెలా ఇస్తానని చెప్పండి. అక్కడితో ఆపేయనక్కర్లేదు. ఆయన ఇబ్బందేమిటో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తొక్కలేకపోతున్నాడా? రెండు వైపులా వేలాడే క్యాన్లు ఊగి సైకిలు పక్కకు లాగుతోందా? నిండు క్యాను ఎత్తి తగిలించడమే కష్టంగా ఉందా? ఒక పొద్దున ఆయనతోపాటు పాల కేంద్రం దాకా వెళ్లి చూడండి. ఇబ్బంది ఎత్తడంలోనే ఉంటే, కంపెనీ సైకిలు ఏదైనా ఆయనే కొనుక్కున్నా సరే, క్యాన్లు కిందికి దిగి లాక్ అయ్యే స్టాండు ఒకటి మీరు చేసిపెట్టవచ్చు. ఇనుప గొట్టాలు, స్ప్రింగులు, వెల్డింగ్. కాలిపోయేదేమీ లేదు, పేలిపోయేదేమీ లేదు.

అలాంటిదేదైనా నిజంగా పనికొచ్చేది తయారైతే చూపించడానికి చోట్లున్నాయి. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి నడుపుతున్న ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమంలో జిల్లా స్థాయిలోనే ప్రదర్శిస్తారు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో నమూనాలు తయారు చేసుకునే యంత్రాలున్నాయి. పల్లె సృజన సంస్థ ఊళ్లలో ఇలాంటివాళ్లను వెతికి పట్టుకోవడమే పనిగా పెట్టుకుంది. మీ ఆఫీసులో గానీ ఇంట్లో గానీ మీ పని అర్థమయ్యేవాళ్లు లేరన్న బాధ ఉత్తరమంతా ఉంది. అది తీరేది ఇలాంటి చోట్లే, బ్యాటరీ సైకిళ్ల షాపులో కాదు.

పేటెంట్ గురించి క్లుప్తంగా. మన పేటెంట్ చట్టం ప్రకారం, అప్పటికే తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, దేని పని అది చేసేలా పెడితే అది ఆవిష్కరణ కిందికి రాదు. హబ్ మోటారు, కంట్రోలర్, బ్యాటరీ కలిపిన సైకిలుకు రాదనే అనుకోండి. ట్యాంకు సర్క్యూట్ ఇప్పటికే వీధిలో వాడుకలో ఉంది. నలుగురికీ తెలిశాక అది కొత్తది కాదు. రేపు నిజంగా కొత్తది ఏదైనా వస్తే, ఎవరికీ చూపించకముందే తాత్కాలిక దరఖాస్తు వేయవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు. ఏజెంటు ఫీజే అసలు ఖర్చు. "అన్నిటికీ పేటెంట్ ఇప్పిస్తాం" అంటూ ఫోను చేసేవాళ్లకు దూరంగా ఉండండి.

పాప ప్రశ్నను చివర్లో చిన్న అక్షరాలతో రాశారు, అడగడానికి భయపడినట్టు. తొమ్మిదో తరగతి పిల్ల సోల్డరింగ్ నేర్చుకోవచ్చు. అయితే ముందు వాళ్లమ్మను అడగాలి, మీరూ పాపా కలిసి అడిగితే మంచిది. ఆమె ఇప్పుడే వద్దంటే ఆగండి, ఆమె వెనకాల మొదలుపెట్టకండి. ఒప్పుకుంటే షెడ్డులో కాకుండా డైనింగ్ టేబుల్ మీద, కిటికీ తీసి, పగలు. మెయిన్స్ కరెంటు పనులు వద్దు, లిథియం వద్దు. గోడ గడియారంలో వేసే మామూలు సెల్స్‌తో చిన్న ఎల్‌ఈడీ లైటు, ఒక స్విచ్, ఒక రెసిస్టర్ చాలు. ఐరన్‌కు స్టాండు ఉండాలి, జుట్టు వెనక్కి కట్టుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. టంకం తీగ మీద ఏమి రాసి ఉందో చూడండి. మన దగ్గర దొరికేవాటిలో చాలావాటిలో సీసం ఉంటుంది, కాబట్టి పని అయ్యాక టేబుల్ తుడిచి, అన్నం ముందుకు వెళ్లేలోపు ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మొదటి జాయింటు ముద్దగానే వస్తుంది. మీరు లాక్కుని సరిచేయకండి, ఆమెనే కరిగించి మళ్లీ పెట్టనివ్వండి.